మంచు కొండలకు ఫ్యామిలీ ట్రావెల్ ఇన్సూరెన్స్: కొన్నేళ్లు వాడాక

మా బామ్మర్ది మ్యూనిక్‌లో ఉంటాడు. ఆ పుణ్యాన చలికాలం సెలవులకు హన్మకొండ నుంచి ఆస్ట్రియా కొండలకు వెళ్లడం మాకు అలవాటైంది. మొదటినుంచీ ఒకే కంపెనీ పాలసీ తీసుకుంటున్నాం. షెంజెన్ వీసాకు (ఆస్ట్రియాతో సహా చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే ఒకే వీసా) కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఎలాగూ ఉండాలి కాబట్టి చాలామంది అన్నిటికన్నా చవకది కొని ఫైల్లో పెట్టేస్తారు. వీసాకు అది చాలు, స్కీయింగ్‌కు చాలదు. మామూలు పాలసీల్లో చాలావాటికి అడ్వెంచర్ స్పోర్ట్స్ వర్తించవు. వింటర్ స్పోర్ట్స్ యాడ్-ఆన్ విడిగా అడగాలి. "మంచు మీద జారడానికి కూడా పాలసీయా సార్?" అని చౌరస్తా దగ్గరి ఏజెంటు నవ్వాడు గానీ, ఆ ముక్క కాగితం మీద పడేదాకా నేను డబ్బు కట్టలేదు.

ఒక ఏడాది మా ఆవిడ పడి మోకాలి లిగమెంటు దెబ్బతింది. రెస్క్యూ వాళ్లు స్లెడ్జి మీద పడుకోబెట్టి కిందికి దించారు. హెలికాప్టర్ దాకా పోలేదు, పోతే ఆ బిల్లే వేల యూరోల్లో ఉంటుంది. ఆస్పత్రిలో మేమే కట్టి, ఇంటికొచ్చాక క్లెయిమ్ పెట్టాం.

ఫారంలో గట్టి ప్రశ్న ఒకటే: గుర్తులు పెట్టిన ట్రాక్ మీద పడ్డారా, బయట పడ్డారా? ట్రాక్ దాటితే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. రెస్క్యూ వాళ్ల చీటీలో ట్రాక్ నంబరు, టైము రాసి ఉన్నాయి. స్కీ పాస్‌తో పాటు దాన్ని మా ఆవిడ జాకెట్ జేబులో భద్రంగా పెట్టింది. అదే మమ్మల్ని కాపాడింది. ఆపైన బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టు ముద్రలు, జర్మన్‌లో ఉన్న డాక్టరు రిపోర్టుకు అనువాదం... ఒకటి ఇస్తే ఇంకోటి అడిగి తలప్రాణం తోకకు తెచ్చారు. చివరికి 100 డాలర్ల డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) పోను మిగతాది ఇచ్చారు. హన్మకొండలో నెలల తరబడి చేయించిన ఫిజియోథెరపీకి మాత్రం రూపాయి రాలేదు. దేశంలో అడుగుపెడితే కవర్ అయిపోయినట్టేనట. ఈ సంగతి ఏజెంట్లు చెప్పరు.

పిల్లలుంటే పర్సనల్ లయబిలిటీ, అంటే మనవల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కవర్, కూడా చూసుకోండి. మావాడు ఒకసారి ఆగలేక ఒక పెద్దాయన మీదికి వెళ్లిపోయాడు. ఆయన మంచు దులుపుకుని నవ్వేశాడు, అందరూ అలా నవ్వరు. ఇటలీలోనైతే స్కీ చేసేవాళ్లకు ఎదుటివాళ్ల నష్టానికి కవర్ 2022 జనవరి నుంచి చట్టప్రకారం తప్పనిసరి. చాలా పాలసీల్లో ఈ కవర్ ఉంటుంది గానీ, స్కీయింగ్‌కు వర్తిస్తుందో లేదో మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో "అన్నీ కవరవుతాయి సార్" అంటే నమ్మొద్దు.

స్కీయింగ్‌కు మన దేశంలోనే గుల్మార్గ్, ఔలి వెళ్లేవాళ్లకు ఇంత తంటా లేదు. మన హెల్త్ పాలసీల్లో ఈ ఆటల మినహాయింపు సాధారణంగా వృత్తిగా ఆడేవాళ్లకే కాబట్టి, సరదాగా వెళ్లి పడ్డవాళ్లకు ఆస్పత్రి ఖర్చు వస్తుంది. కొండ మీదినుంచి దింపే ఖర్చు మాత్రం అందులో ఉండకపోవచ్చు, అడగండి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. తగ్గించింది కాగితాల గోలకు, ఫిజియోథెరపీకి. ఈ డిసెంబరుకూ మా నలుగురికి ఇదే తీసుకుంటున్నాం. మా అత్తామామలు కొండెక్కరు కాబట్టి వాళ్లకు మామూలు పాలసీ చాలు, బీపీ, షుగర్ దాచకుండా రాయించి.