ఐస్ హాకీ బూటు నుంచి క్లాప్ స్కేట్‌కి: తొలి సెట్టు కొనేముందు చూసుకోవాల్సినవి

2018 ఫిబ్రవరి 18, దక్షిణ కొరియాలోని గాంగ్నంగ్ ఓవల్, ఒలింపిక్స్ మహిళల 500 మీటర్ల స్పీడ్ స్కేటింగ్. జపాన్‌కు చెందిన నావో కొదైరా 36.94 సెకన్లలో బంగారం పట్టుకుపోయింది. కొరియా అమ్మాయి లీ సాంగ్‌హ్వా 37.33. చెక్ రిపబ్లిక్ నుంచి వచ్చిన కరోలీనా ఎర్బనొవా 37.34తో కంచు పతకం. వెండికీ కంచుకీ మధ్య తేడా సెకనులో వందో వంతు. ఎర్బనొవా సగటు వేగంతో లెక్కేస్తే అది సుమారు 13 సెంటీమీటర్లు. ఈ ఆటలో గీత దాటినట్టు లెక్కించేది బ్లేడు మొనను బట్టి, ఆ బ్లేడేమో 40 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే వెండి పతకం బ్లేడు పొడవులో మూడో వంతు దూరంలో ఆగిపోయింది.

1992లో వర్ఖ్లాబీలో పుట్టిన ఎర్బనొవా ఐస్ హాకీ ఆడుతూ పెరిగిన అమ్మాయి. చెక్ స్పీడ్ స్కేటర్ మార్టినా సాబ్లీకొవాను ప్రపంచ స్థాయికి తెచ్చిన కోచ్ పెట్ర్ నోవాక్ దగ్గరే ఈమె కూడా లాంగ్ ట్రాక్, అంటే 400 మీటర్ల ఓవల్ మీద చేసే స్పీడ్ స్కేటింగ్, నేర్చుకుంది. 2010లో వాంకూవర్‌లో తొలి ఒలింపిక్స్ ఆడేనాటికి ఆమెకు 17 ఏళ్లు. ఆ కాలంలో చెక్ దేశంలో పైకప్పున్న 400 మీటర్ల ఓవల్ ఒక్కటీ లేదు. హాకీ రింకులు మాత్రం ఊరూరా ఉన్నాయి. కాబట్టి అక్కడ హాకీ నుంచి స్పీడ్ స్కేటింగ్‌కి రావడం వింతేమీ కాదు. కాల్గరీలోనూ మినియాపొలిస్‌లోనూ హాకీ ఆడుతున్న మన తెలుగు పిల్లలకు కూడా ఇదే దారి తెరిచి ఉంది. కాల్గరీ ఒలింపిక్ ఓవల్‌లోనైతే 400 మీటర్ల ట్రాక్ మధ్యలోనే రెండు హాకీ రింకులున్నాయి. పిల్ల ఆ పక్కకు చూసి "నేనూ అది చేస్తా" అన్న రోజున తల్లిదండ్రులు కొనాల్సిన సామాను గురించే ఈ రివ్యూ. తోలు బూటు, మడతబందు ఉన్న బ్లేడు, సాన పట్టుకునే సరంజామా, ఈ మూడూ కలిపి ఒక సెట్టు.

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. క్లాప్ స్కేట్‌ను, అంటే బ్లేడు మడతబందు మీద తెరుచుకుని మూసుకునే ఈ లాంగ్ ట్రాక్ స్కేట్‌ను, హాకీ స్కేట్‌కి మెరుగైన రకం అనుకుంటే మొదటికే మోసం వస్తుంది. రెండూ వేరువేరు పనిముట్లు. హాకీ బ్లేడు మందం దాదాపు 3 మిల్లీమీటర్లు. దాని అడుగున పొడవునా గాడి తీసి ఉంటుంది, అందుకే రెండు అంచులూ ఐస్‌ను విడివిడిగా పట్టుకుంటాయి. ముందూ వెనకా బాగా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి ఉన్నచోటే గిర్రున తిరగొచ్చు. లాంగ్ ట్రాక్ బ్లేడు మందం 1 నుంచి 1.2 మిల్లీమీటర్లే. అడుగు చదును, గాడి ఉండదు, రెండు అంచులూ నికరంగా 90 డిగ్రీలు. హాకీ బ్లేడు వంపు వ్యాసార్ధం సుమారు 3 మీటర్లయితే దీనిది 21 నుంచి 25 మీటర్లు. అంటే కంటికి దాదాపు తిన్నగానే కనిపిస్తుంది. 22 మీటర్ల వ్యాసార్ధమున్న బ్లేడు మీద 100 మిల్లీమీటర్ల కొలబద్ద పెడితే మధ్యలో ఎత్తు తేడా 0.057 మిల్లీమీటరు. మన తల వెంట్రుక మందం ఇంచుమించు అంతే. ఈ ఒక్క అంకె గుర్తుంటే సాన పట్టేటప్పుడు చెయ్యి ఎందుకు అదుపులో ఉండాలో వేరే చెప్పక్కర్లేదు.

బూటు సంగతి. హాకీ బూటు చీలమండ పైదాకా వచ్చి గట్టిగా పట్టి ఉంచుతుంది, లాంగ్ ట్రాక్ బూటు చీలమండ కిందే ఆగిపోతుంది. మొదటి నెలలో హాకీ పిల్లలకు చీలమండలు లోపలికి వాలిపోవడం మామూలే. చాలామంది వెంటనే బూటును తప్పుపట్టి, మరింత గట్టిదని కార్బన్ బూటు కొనేస్తారు. మా దృష్టిలో అది తొందరపాటు. ఒంటికాలి మీద నిలబడే వ్యాయామాలు రోజూ చేయించి, బ్లేడును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలి వైపుకు జరిపి బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది. కాలు బయటికి వాలుతుంటే బయటి వైపుకు జరపాలి. బిగింపు మరల కింద పొడవాటి రంధ్రాలు పెట్టింది ఇందుకే. ఎదిగే పిల్లలకైతే తోలు బూటే మేలు. ఇది కాలితోపాటు కొంత సాగుతుంది, కార్బన్ బూటు సాగదు. కొలత విషయంలో మాత్రం "రెండేళ్లు వస్తుందిలే" అని పెద్ద సైజు తీసుకోవద్దు. పలుచటి సాక్సుతోనో, ఉత్త కాలితోనో వేసుకున్నప్పుడు వేళ్లు ముందు తోలును తాకాలి, కానీ ముడుచుకోకూడదు. మోకాళ్లు వంచి కూర్చున్నట్టు నిలబడితే వేళ్లు కొద్దిగా వెనక్కి రావాలి. మడమ మాత్రం పావంగుళం కూడా లేవకూడదు. మడమ లేచిందంటే బూటు లోపల కాలే ముందు కదులుతుంది, ఆ తర్వాత గానీ బ్లేడు కదలదు.

ఇక మడతబందు. పాత స్పీడ్ స్కేట్లలో బ్లేడు ముందూ వెనకా బూటుకు బిగిసి ఉండేది, కాలు చివరిదాకా చాచితే బ్లేడు మొన ఐస్‌లో గుచ్చుకునేది. అందుకని పిక్క బలం వాడకుండానే కాలు ఎత్తేయాల్సి వచ్చేది. ఆమ్‌స్టర్‌డామ్ వ్రియే యూనివర్సిటీలో గెరిట్ యాన్ వాన్ ఇంగెన్ స్కెనావ్ బృందం 1980లలో చేసిన పనితో బ్లేడు ముందు భాగంలో మడతబందు వచ్చింది. డచ్ కంపెనీ వైకింగ్ దాన్ని తయారుచేసింది. మడమ లేచినా బ్లేడు మొత్తం ఐస్ మీదే ఉంటుంది, తోపు ఇంకాస్త సేపు సాగుతుంది. కాలు ఎత్తగానే స్ప్రింగు బ్లేడును వెనక్కి లాగి టప్‌మని మూస్తుంది. 1998లో నాగానో ఒలింపిక్స్ నాటికి పోటీపడే వాళ్లు దాదాపు అందరూ దీని మీదికి వచ్చేశారు.

సెట్టు చేతికొచ్చాక చూడాల్సిన మొదటి చోటు ఈ మడతబందే. బూటును ఒక చేత్తో పట్టుకుని బ్లేడు మడమ కొసను పక్కలకు ఊపండి. టకటకమని ఆడిందంటే లోపలి బుష్షులు అరిగినట్టు, లేదా ఇరుసు మర వదులైనట్టు. మూలమలుపులో ఆ ఆటంతా అంచు మీద పడి కాలు జారుతుంది. తర్వాత బ్లేడును చేత్తో తెరిచి వదలండి. నీళ్లు నమిలినట్టు మెల్లగా మూసుకుంటే స్ప్రింగు బలహీనపడింది. పరుగులో కాలు కిందపెట్టే వేళకు బ్లేడు ఇంకా వేలాడుతూ ఉంటే పడిపోవడం ఖాయం. స్ప్రింగులు చౌక, సంచిలో ఒక జత అదనంగా ఉంచుకోండి. మడతబందు ఎక్కడ ఉండాలన్నది ఇంకో ప్రశ్న. అది బొటనవేలు పాదాన్ని కలిసే కీలు కిందికి రావాలి. మరీ ముందుకు పోతే ఆలస్యంగా తెరుచుకుని పాత స్కేట్‌లాగే పనిచేస్తుంది. మరీ వెనక్కి పోతే తోపు పూర్తికాకముందే తెరుచుకుని నిలకడ పోతుంది. మొదటి సీజన్‌లో దుకాణంవాళ్లు పెట్టిన చోటనే ఉంచి, బూటు అడుగున పెన్సిల్‌తో గుర్తు గీసుకోండి. మరలు వదులైనప్పుడు ఆ గుర్తే దిక్కు.

సెట్టులో అసలు పరీక్ష పెట్టేది సాన సరంజామా. హాకీ ఇంట్లో అలవాటేమిటంటే, రింక్ దుకాణంలో స్కేట్లు ఇచ్చేయడం, తిరిగే చక్రం మీద వాళ్లు రెండు నిమిషాల్లో గాడి తీసి ఇచ్చేయడం. లాంగ్ ట్రాక్ బ్లేడును ఆ యంత్రానికి పొరపాటున కూడా ఇవ్వొద్దు. చదునైన అడుగున గాడి పడుతుంది, వెంట్రుక మందమంత వంపు ఒక్క విడతలో పోతుంది. దాన్ని మళ్లీ తేవాలంటే వంపు తీసే ప్రత్యేక యంత్రం ఉన్నవాళ్ల దగ్గరికి పంపాలి, పైగా బోలెడంత లోహం పోతుంది.

ఇంట్లో సాన పట్టే పద్ధతి ఇదీ. రెండు స్కేట్లనూ బ్లేడులు పైకి వచ్చేలా, సాన పట్టేటప్పుడు వాటిని కదలకుండా పట్టి ఉంచే చట్రంలో పక్కపక్కన బిగించాలి. రెండు బ్లేడులూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని రాయిని అడ్డంగా పెట్టి చూడాలి. ఈ ఒక్క పనికి తొందరపడితే మిగతా కష్టమంతా వృథా, ఎందుకంటే ఎత్తులు తేడా ఉంటే రాయి ఒరిగి ఒక అంచు ఎత్తుగా, ఇంకోటి పల్లంగా తయారవుతుంది. బ్లేడును తుడిచి, సానరాయి గరుకు వైపున నాలుగైదు చుక్కల నూనె వేయాలి (వజ్రపు రాయైతే నూనె అక్కర్లేదు). రాయిని రెండు బ్లేడుల మీదా చదునుగా ఆనించి, కాస్త ఏటవాలుగా, మొన నుంచి మడమ దాకా పూర్తి పొడవునా నడపాలి. బరువు వేయకూడదు, రాయి బరువే చాలు. ఇటు ఇరవై, అటు ఇరవై, తర్వాత రాయిని తిప్పి పట్టుకుని మళ్లీ. చేతికి సుఖంగా ఉందని మధ్యలోనే రుద్దుతూ కొసలు వదిలేయడం అందరూ చేసే పొరపాటు. నెల తిరిగేసరికి బ్లేడు నడుము పల్లమవుతుంది, ఆ తర్వాత మలుపులో స్కేట్ తిన్నగా పోతుంది తప్ప తిరగదు.

ఎప్పుడు ఆపాలో వేలే చెబుతుంది. బ్లేడు పక్క గోడ మీద వేలి కొసను కింది నుంచి అంచు వైపుకు జరిపితే సన్నటి లోహపు పీచు తగలాలి. రెండు పక్కలా, పూర్తి పొడవునా తగిలితే గరుకు పని అయినట్టు. ఒక పక్కే తగిలితే ఇంకా ఉంది. అప్పుడు నునుపు వైపు తిప్పి పదిహేను ఇరవైసార్లు. ఆ తర్వాత పీచు తీసే చిన్న రాయిని బ్లేడు పక్క గోడకు పూర్తిగా ఆనించి తేలిగ్గా ఒకటి రెండుసార్లు లాగాలి. ఇక్కడ రాయి ఏ కాస్త ఒరిగినా అంచు గుండ్రబడుతుంది, అరగంట శ్రమ క్షణంలో పోతుంది. చివరికి నునుపు రాయితో పైన రెండుసార్లు, అంతే. గోరును అంచుకు అడ్డంగా మెల్లగా లాగితే గోటి పొడి సన్నగా లేచి రావాలి. జారిపోతే మళ్లీ మొదటినుంచి. చెయ్యి అలవాటు పడ్డాక మొత్తం ఇరవై నిమిషాల పని. కప్పున్న ఓవల్‌లో శుభ్రమైన ఐస్ మీదైతే రెండు మూడు సెషన్లకు ఒకసారి చాలు. బయటి ఐస్ మీద దుమ్ము, ఇసుక ఉంటే ప్రతిసారీ చేయాల్సిందే.

ఈ సెట్టులో మాకు నచ్చనిది కూడా ఈ భాగమే. మొదటిసారి కొనేవాళ్లకు ఇచ్చే చవక చట్రాల బిగింపులు తరచూ ప్లాస్టిక్‌వి, రాయి నడుపుతుంటే బ్లేడు సన్నగా వణుకుతుంది. డబ్బు మిగల్చాలంటే బూటులో మిగల్చండి, చట్రంలో కాదు. బూటు మూడేళ్లకు మారుతుంది, మంచి లోహపు చట్రం మాత్రం పిల్ల పెద్దదయ్యాక కూడా పనికొస్తుంది.

ఐస్ మీదికి వెళ్లాక హాకీ అలవాట్లలో కొన్ని అక్కరకొస్తాయి, కొన్ని అడ్డొస్తాయి. స్టార్టులో మొదటి పది అడుగుల పేలుడు, మోకాళ్లు వంచి తట్టుకునే బలం హాకీ ఇచ్చిన ఆస్తి. ఎర్బనొవా పతకం 500 మీటర్లలో రావడం ఊరికే కాదు, ఆ దూరంలో మొదటి 100 మీటర్లే సగం కథ. అడ్డొచ్చేది కాలి వేళ్లతో వెనక్కి తన్నడం. క్లాప్ బ్లేడు మీద బరువు మడమ, నడిపాదం మీద ఉంచి తోపు పక్కకు ఇవ్వాలి. వెనక్కి తంతే మడతబందు ముందే తెరుచుకుని బలమంతా గాలిలో కలుస్తుంది. ఇక ఆగడం. హాకీలోలా అడ్డం తిప్పి కరకరమని ఆగాలని చూస్తే పొడవాటి చదును అంచు పట్టేసి మనిషి ముందుకు పడతాడు. మోకాళ్లు దగ్గరకు తెచ్చి, మడమలు వెడల్పు చేసి నిదానంగా వేగం తగ్గించడం మొదటి రోజే నేర్పాలి. తెగని గ్లౌజులు, హెల్మెట్ మాత్రం తప్పనిసరి, ఇంత సన్నటి బ్లేడు చర్మాన్ని కోయడానికి వేగం కూడా అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ సెట్టు కొనొచ్చా అంటే, కొనొచ్చు. బ్లేడు మొనను కంటికి ఎదురుగా పట్టుకుని పొడవునా చూడండి, ఒంపు కనిపిస్తే అది కావాలని వంచినదో, పడి వంగినదో అడగండి. స్ప్రింట్ ఆడేవాళ్లు మలుపుల కోసం బ్లేడును కొద్దిగా ఎడమకు వంచుకుంటారు, కొత్తవాళ్లకు తిన్ననిదే కావాలి. బ్లేడును పట్టి ఉంచే గొట్టం మీద ఉక్కు ఎంత ఎత్తు మిగిలిందో మొన దగ్గర, మధ్యలో, మడమ దగ్గర కొలవండి. మధ్యలో తక్కువుంటే పాత యజమాని నడుమునే రుద్దాడన్నమాట. తుప్పు చుక్కలు అంచు మీద ఉంటే వద్దనండి, పక్క గోడ మీదైతే ఫర్వాలేదు. కొన్నాక ప్లాస్టిక్ తొడుగులు నడవడానికే వాడండి. ఇంటికి రాగానే తుడిచి గుడ్డ తొడుగులోకి మార్చకపోతే మర్నాటికే తుప్పు మొదలవుతుంది. మామూలు హాకీ రింకుల్లో పబ్లిక్ సెషన్‌కి పొడవు బ్లేడులను చాలాచోట్ల రానివ్వరు. టికెట్ కొనేముందే కౌంటర్లో అడిగి, లేదంటే దగ్గర్లోని స్పీడ్ స్కేటింగ్ క్లబ్ ఐస్ అద్దెకు తీసుకునే వేళలు కనుక్కోండి.