పాత బుల్లెట్ హెడ్‌లైటుకు రిలే వైరింగు: జయపురంలో చేయించిన పనిపై సమీక్ష

ఒడిశాలోని సెమిలిగుడ నుంచి ఆంధ్రలోని సాలూరుకు నెలలో రెండు మూడుసార్లు బండి మీద వెళ్లివచ్చే నాకు, పొట్టంగి దాటాక చీకటి పడితే చేతిలో ఉన్న ఏకైక ధైర్యం హెడ్‌లైటే. నా బండి 2007 నాటి బుల్లెట్ ఎలక్ట్రా. అందులో ఉన్నది 12 వోల్టుల, 60/55 వాట్ల హెచ్4 హాలోజెన్ బల్బు, అంటే హై బీమ్‌కు (దూరం వెలుగుకు) ఒకటి, లో బీమ్‌కు (దగ్గరి వెలుగుకు) ఒకటిగా రెండు ఫిలమెంట్లు ఉండే రకం. ఘాట్ రోడ్డుకు చాలినంత వెలుగునిచ్చే బల్బే. అయినా రెండేళ్లుగా ఆ వెలుగు పసుపుబారి, మలుపుల్లో రోడ్డు అంచు ఎక్కడ ముగిసి లోయ ఎక్కడ మొదలవుతుందో తెలియని స్థితికి వచ్చింది.

మొదట నేనూ అందరిలాగే ఎల్‌ఈడీ బల్బు తెప్పించి పెట్టాను. ఇంటి ముందు వెలిగించి చూసినప్పుడు వీధంతా తెల్లగా మెరిసింది కానీ, ఘాట్‌లో ఎదురుగా వచ్చిన ప్రతి లారీ డ్రైవరూ నా మీదికి డిప్పర్ కొట్టాడు. కారణం తర్వాత అర్థమైంది. హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టరు, ఫిలమెంటు ఏ బిందువు దగ్గర ఉంటుందో ఆ బిందువును లెక్కలోకి తీసుకొని మలిచినది. హెచ్4 బల్బులో లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప కూడా ఉండి, పైకి చిమ్మే వెలుగును ఆపుతుంది. నేను కొన్న బల్బులో వెలుగు పుట్టే చోటు ఆ బిందువుకు సరిపోలేదు కనుక, రోడ్డు మీద పడవలసిన వెలుగు ఎదుటివారి కళ్లలోకి చెదిరిపోయింది. ఇక మంచులో అయితే ముందు తెల్లటి గోడ కట్టినట్టే ఉండేది. వారం తిరగకుండా దానిని తీసివేశాను.

ఆ తర్వాత జయపురంలోని ఒక ఆటో ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్లాను. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడే మేస్త్రి గారు, వంద వాట్ల బల్బు పెట్టమని నేను అడగగానే, "బల్బు మీద డబ్బులు తగలెయ్యకండి బాబూ, ముందు మీటరు పెట్టి చూద్దాం" అన్నారు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.4 వోల్టులు ఉంటే, వెలుగుతున్న బల్బు హోల్డరు దగ్గర 11.8 మాత్రమే ఉంది. వోల్టేజీ తగ్గినంత నిష్పత్తిలోనే వెలుగు తగ్గదు, దానికన్నా చాలా ఎక్కువగా పడిపోతుంది. హాలోజెన్ ఫిలమెంటుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పోతుంది. ఆ లెక్కన నా బల్బు వెలుగులో మూడో వంతు, పాత తీగల్లోనూ, తుప్పు పట్టిన స్విచ్చు కాంటాక్టుల్లోనూ, వదులైన ఎర్తులోనూ వోల్టేజీ పడిపోవడం వల్ల తగ్గిపోతోందన్నమాట. వంద వాట్ల బల్బు పెడితే అదే సన్నటి తీగలో కరెంటు మరింత పెరిగి, నష్టమూ పెరిగి, హోల్డరు కరిగిపోయేది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది కూడా.

మేస్త్రి గారు చేసిన పని ఇది: బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావుపాటి తీగను నేరుగా హెడ్‌లైటు వరకు తెచ్చి, లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటిగా రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) అమర్చారు. రిలేలో 30వ నంబరు పిన్నుకు బ్యాటరీ తీగ, 87కు బల్బు తీగ, 85, 86 పిన్నులకు పాత స్విచ్చు తీగ, ఎర్తు వస్తాయి. ఇప్పుడు హ్యాండిల్ మీది స్విచ్చు మోసేది రిలే కాయిలుకు కావలసిన స్వల్ప కరెంటును మాత్రమే. బల్బుకు కావలసిన ఐదు ఆంపియర్ల దాకా కరెంటు కొత్త తీగలోంచి పోతుంది. ఎర్తును కూడా ఫ్రేము మీద వదిలేయకుండా విడిగా బ్యాటరీ నెగెటివ్‌కు లాగించాను. కొత్త బల్బు అదే 60/55 వాట్లది, గాజును వేలితో తాకకుండా బిగించారు. చేతి జిడ్డు అంటిన చోట గాజు వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. సామానుకు, కూలికి కలిపి నాకు 1,150 రూపాయలు అయింది. పని తర్వాత హోల్డరు దగ్గర 13.1 వోల్టులు చూపించింది.

లోపాలు లేకపోలేదు. మధ్యాహ్నానికి అయిపోతుందన్న పని సాయంత్రం ఏడింటికి తేలింది, బిల్లు అడిగితే చిన్న చీటీ మీద రాసిచ్చారు. అంతకన్నా పెద్ద తప్పు, రిలేలను ముందు చక్రం నీళ్లు ఎగజిమ్మే చోట కట్టడం. మొదటి వానకే హై బీమ్ ఒకసారి మొరాయించింది. తిరిగి వెళ్లి ట్యాంకు కిందికి, పిన్నులు నేలవైపు ఉండేలా మార్పించుకోవలసి వచ్చింది. దానికి డబ్బు తీసుకోలేదని కూడా చెప్పాలి.

స్ప్లెండర్ వంటి పాత బండ్లు ఉన్నవారు మాత్రం ఇదే పని చేయించుకోబోయే ముందు ఆగాలి. వాటిలో చాలావాటికి హెడ్‌లైటు బ్యాటరీ మీద కాక ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచి నేరుగా వచ్చే ఏసీ కరెంటు మీద వెలుగుతుంది, అందుకే ఇంజను నెమ్మదిస్తే వెలుగు కూడా తగ్గుతుంది. అక్కడ రిలే కట్టి బ్యాటరీ మీదికి మార్చితే, చార్జింగు చాలక బ్యాటరీ పడిపోతుంది. మాగ్నెటో కాయిలు, చార్జింగు రెగ్యులేటరు మార్చే పెద్ద పని ముందు చేయించాలి.

ఫలితం సుంకి దిగి పి.కోనవలస ఘాట్‌లోకి వెళ్లగానే తెలిసింది. వెలుగు తెల్లబడింది, మలుపులో ఎడమ అంచు ముందుగానే కనిపిస్తోంది. మన దేశపు హెడ్‌లైటు అద్దంలో లో బీమ్ ఎడమ వైపుకు కాస్త పైకి లేచేలా గీతలు ఉంటాయి కనుకనే అది సాధ్యం. రోడ్డుకు కుడి వైపున నడిచే దేశాల కోసం చేసిన అద్దం చవకగా దొరికిందని బిగిస్తే, ఆ లేచిన వెలుగు సరిగ్గా ఎదుటివారి కళ్లలో పడుతుంది. దట్టమైన మంచులో మాత్రం రిలే అద్భుతమేమీ చేయదు. లో బీమ్ వేసుకొని నెమ్మదించవలసిందే.

దుకాణంలో చేయని పని ఒకటి, హెడ్‌లైటు ఎత్తు సరిచేయడం, నేను ఇంటి దగ్గర చేసుకున్నాను. గోడకు ఐదు మీటర్ల దూరంలో బండిని నిలబెట్టి, మా తమ్ముణ్ని వెనక కూర్చోబెట్టుకొని, లో బీమ్ పై అంచు దీపం మధ్యభాగం ఎత్తుకన్నా ఐదు సెంటీమీటర్లు కిందికి పడేలా తిప్పి బిగించాను. ఆ తర్వాతి ప్రయాణంలో ఒక్క లారీ కూడా డిప్పర్ కొట్టలేదు.