పూసా ఇటుకల చల్లగది: శ్రీకాకుళం, విజయనగరం గాలిలో టమాటాకు ఎంత పనికొస్తుంది?

కరెంటు అక్కర్లేని ఈ ఇటుకల గదిని 1980ల్లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే పూసా, రూపొందించింది. బయటి కన్నా లోపల 10 నుంచి 15 డిగ్రీలు చల్లగా ఉంటుందన్న మాటే దానికి పెద్ద ప్రచారం. ఢిల్లీ ఎండకు ఆ మాట నిజం. మన దగ్గర వేసవిలో ఆ చల్లదనాన్ని ఆశించి కడితే నిరాశే మిగులుతుంది. అదే గదిని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, దోరమీద కోసిన టమాటాను పండించడానికి వాడితే మాత్రం చిన్న రైతుకు ఇంతకన్నా చవకైన సాయం కనిపించదు. అందుకే దీన్ని దాచే గదిగా కాక, పండించే గదిగా చూసి మార్కులు వేయాలి.

ముందు చల్లదనం లెక్క. రెండు ఇటుక గోడల మధ్య పోసిన తడి ఇసుకలోంచి నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఆవిరి, అంత చలవ. ఢిల్లీలో 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉన్న రోజున తడిబల్బు ఉష్ణోగ్రత, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది, దాదాపు 23 డిగ్రీలు. నీటి ఆవిరితో చల్లబడే ఏ గదికైనా అదే అడుగు, దానికి కిందకి దిగదు. మన తీరంలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున ఆ అడుగు 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎంత బాగా కట్టినా, ఎన్ని బిందెలు పోసినా 4 డిగ్రీలకు మించి తగ్గదు. జనవరి మధ్యాహ్నం 28 డిగ్రీలు, 55 శాతం తేమ ఉంటే అడుగు 21, 22 డిగ్రీల మధ్య ఉంటుంది. లోపల 23 రావడం కష్టం కాదు. తీరానికి దూరంగా, గాలి కొంచెం పొడిగా ఉండే సాలూరు, పార్వతీపురం వైపు ఇంకాస్త మేలు.

కట్టే ముందే ఇది మీ పెరట్లో చూసుకోవచ్చు. మామూలు థర్మామీటరు బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి, నీడలో 5 నిమిషాలు విసనకర్రతో విసరండి. పాదరసం ఎక్కడ ఆగుతుందో అదే మీ గదికి అడుగు. ఆ అంకె 27 దాటిన నెలల్లో గది మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక టమాటా సంగతి. కోశాక కూడా పండే కాయ ఇది. ఒక దశ దాటాక కాయే, తనను పండించే ఇథిలీన్ వాయువును విడుదల చేస్తుంది, ఆ వాయువే మరింత ఇథిలీన్‌ను పుట్టిస్తుంది. ఆకుపచ్చ విరిగిపోతుంది, లైకోపీన్ ఎరుపు వస్తుంది, కండ మెత్తబడుతుంది, వాసన కడుతుంది. ఇవన్నీ సరిగ్గా సాగడానికి 20 నుంచి 25 డిగ్రీలు కావాలి. 30 దాటితే లైకోపీన్ తయారీ ఆగిపోతుంది, నారింజ రంగునిచ్చే బీటా కెరోటిన్ మాత్రం వస్తూనే ఉంటుంది. మే నెలలో బుట్టల్లో మగ్గిన టమాటా ఎర్రబడకుండా పసుపు, నారింజ రంగుల దగ్గర నిలిచిపోవడానికి కారణం అదే. పచ్చికాయను రోజుల తరబడి 12, 13 డిగ్రీల కన్నా కింద ఉంచితే చలి దెబ్బ తింటుంది. ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ బాగానే కనిపిస్తుంది. బయటకు తీశాక రంగు ఎక్కక, తోలు మీద గుంటలు పడి, ఆల్టర్నేరియా అనే బూజు తెచ్చే నల్లమచ్చతో కుళ్లుతుంది. మన శీతకాలంలో ఇటుకల గది ఈ రెండు ప్రమాదాల మధ్య ఉన్న మంచి చోట తనంతట తాను నిలుస్తుంది. దానికున్న అసలు విలువ ఇదే.

రెండో విలువ తేమ. టమాటా తోలుకు ఆకులకు ఉన్నట్టు రంధ్రాలు ఉండవు, పైన మైనపు పొర ఉంటుంది. కాయలోని నీరు ఎక్కువగా ముచ్చిక ఊడిన మచ్చ దగ్గర నుంచే పోతుంది. బరువులో 5 నుంచి 7 శాతం నీరు పోతే కాయ వడలినట్టు కంటికి తెలుస్తుంది, 100 కిలోలకు 5 నుంచి 7 కిలోలు కాటాలోనే పోయినట్టు. గది లోపల తేమ 90 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఆ నష్టం బాగా తగ్గుతుంది. వేసవిలో చల్లదనం రాకపోయినా ఈ ఒక్క మేలు మిగులుతుంది.

కట్టడం తేలికే. నేల మీద 165 సెంటీమీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పున ఇటుకల పరుపు. దాని మీద 67.5 సెంటీమీటర్ల ఎత్తున రెండు వరసల గోడ, మధ్యలో 7.5 సెంటీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీలో తడిపిన ఏటి ఇసుక. మూతకు వెదురు చట్రం, దాని మీద ఎండుగడ్డి. మొత్తానికి నీడగా పందిరి, మన దగ్గర తాటాకు చాలు. 100 కిలోల దాకా పడతాయి. గాలి ఆడే చోట కట్టాలి. ఇంటి గోడకు ఆనించి కడితే ఆ వైపు ఆవిరి జరగదు, పని సగమవుతుంది.

చెడిపోయేది ఎక్కువగా సామాను దగ్గరే. ఇటుక నీళ్లు పీల్చాలి. 3 కిలోల ఇటుకను ఒక రోజు నానబెడితే 450 నుంచి 600 గ్రాములు బరువెక్కాలి. అంతకన్నా బాగా తక్కువైతే అది ఇంటి గోడకు మంచిది, దీనికి కాదు. సిమెంటుతో కట్టినా, పైన పూత వేసినా ఆవిరికి దారి మూసినట్టే, మట్టి అడుసు చాలు. ఇసుక నాగావళిదో, వంశధారదో, చంపావతిదో కావాలి. కళింగపట్నం, భావనపాడు వైపు వాళ్లు దగ్గరగా ఉందని సముద్రపు ఇసుక వాడకూడదు. ఉప్పు ఇటుక పైకి తెల్లగా పేరుకుని రంధ్రాలు మూసేస్తుంది, కొన్నాళ్లకు ఇటుకే పొడిపొడిగా రాలుతుంది. ఉప్పునీటి బావి ఉన్నచోటా ఇదే ఇబ్బంది.

వాడే ముందు రోజు మొత్తం గదిని నానేలా తడపాలి. తరువాత పొద్దున, మధ్యాహ్నం నీళ్లు. ఇసుకను పిడికిట పట్టి నొక్కితే చేతికి తడి అంటాలి, నీరు కారకూడదు.

ఏ కాయ పెట్టాలన్నది గది కన్నా ముఖ్యం. ముదరని పచ్చికాయ ఎన్నాళ్లు పెట్టినా సరిగ్గా పండదు. ఒక కాయను పదునైన కత్తితో అడ్డంగా కోసి చూడండి. గింజలు తెగితే ఇంకా లేత. గింజలు గుజ్జులో జారి కత్తికి తప్పుకుంటే ముదిరినట్టు. కాయ అడుగున రంగు తిరిగినప్పుడు కోస్తే ఈ అనుమానమే ఉండదు. ఆ దశ నుంచి పూర్తి ఎరుపుకు 20, 22 డిగ్రీల దగ్గర సుమారు వారం పడుతుంది. తెల్లవారుజామున కోయాలి. ఎండలో కాగిన కాయను లోపల పెడితే చల్లబడటానికే చాలా సేపు పడుతుంది, ఆ వేడితో పక్క కాయలూ తొందరపడతాయి. కాడలు తీసేయాలి, లేకపోతే పక్క కాయల్ని గుచ్చుతాయి.

మట్టి అంటకపోతే కడగొద్దు. కడగాల్సి వస్తే 100 లీటర్ల నీటికి 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 30 గ్రాములు కలపండి, క్లోరిన్ సుమారు 100 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 100 భాగాలు, అవుతుంది. నీళ్లు కాయ కన్నా చల్లగా ఉండకూడదు. వేడి కాయ చల్లని నీటిలో పడితే లోపలి గాలి కుంచించుకుని, ముచ్చిక మచ్చలోంచి నీటిని, దాంతో మెత్తకుళ్లు బ్యాక్టీరియాను లాక్కుంటుంది. రెండు నిమిషాలు ముంచి తీసి, మచ్చ పూర్తిగా ఆరేదాకా నీడలో ఉంచాలి. తడి కాయను ఈ గదిలో పెట్టడమే కుళ్లుకు మొదటి కారణం.

20 కిలోల క్రేట్లు, వాటి కింద ఇటుక ముక్కలు. క్రేట్ల మీద పలుచని పాలిథిన్ పరచమని అసలు పద్ధతిలోనే ఉంది, మూత నుంచి పడే చుక్కలకు అది అడ్డు. చుట్టూ బిగించి కప్పితే మాత్రం లోపల చెమట పడుతుంది. పచ్చి, దోర, పండు వేరు వేరు క్రేట్లలో ఉండాలి. రోజూ చూసి, ఎర్రబడ్డవీ కుళ్లినవీ తీసేయాలి. పండు వదిలే ఇథిలీన్ పచ్చికాయను తొందరపెడుతుంది. అందుకే ఆకుకూరలు, దోసకాయలు ఇందులో కలిపి పెట్టొద్దు, పసుపెక్కుతాయి.

కార్బైడు ఊసే వద్దు. దాని ఎసిటిలీన్‌తో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫీన్ ఆనవాళ్లూ వస్తాయి, చట్టం నిషేధించింది. తొందరుంటే ఇథిలీన్‌ను 100 పీపీఎం దాకా వాడటానికి అనుమతి ఉంది. మన చిన్న గదికి అదీ అక్కర్లేదు, దోరకాయే తగినంత వదులుతుంది.

మిగతా దారులతో పోలిస్తే? ఇంటి ఫ్రిజ్ 4, 5 డిగ్రీల్లో ఉంటుంది. బాగా పండిన కాయను రెండు మూడు రోజులు ఆపడానికే అది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ క్లీ తోటి శాస్త్రవేత్తలతో కలిసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, వారం పాటు 5 డిగ్రీల్లో ఉంచిన టమాటాలో తీపి, పులుపు పెద్దగా మారకపోయినా, రుచినిచ్చే వాసనలు తగ్గి, బయట పెట్టాక కూడా పూర్తిగా తిరిగి రాలేదు. చారులో మనం వెతుక్కునేది ఆ వాసననే. కోల్డ్ రూమ్ దొరికితే దోరకు 12, 13 డిగ్రీలు, పండుకు 10 డిగ్రీలు పెట్టించాలి. వేరే సరుకుకు 4 డిగ్రీల్లో నడుపుతున్న గదిలో చోటు ఖాళీగా ఉంది కదా అని పచ్చి టమాటా పెట్టొద్దు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ గదికి 5కి 4 మార్కులు. మార్చి, ఏప్రిల్‌లో లోతట్టు మండలాల్లో 3, తీరంలో 2. మే నుంచి సెప్టెంబరు దాకా 1, అదీ బరువు నిలిపినందుకే. ఆ నెలల్లో నీళ్లు పోయడం ఆపి, మూత తీసి, ఇసుకను ఆరనివ్వండి. గడ్డి మార్చి, లోపలి గోడను బ్లీచింగ్ నీళ్లతో కడిగాకే అక్టోబరు చివర మళ్లీ తడపండి. ఏడాదంతా టమాటా నిల్వ చేయాల్సిన వ్యాపారి దీని మీద డబ్బు పెట్టకుండా నేరుగా కోల్డ్ రూమ్‌కే వెళ్లడం మంచిది. పది సెంట్లలో టమాటా వేసి, వారానికి రెండుసార్లు రైతుబజారుకు తెచ్చే కుటుంబం మాత్రం ఈ చలికాలానికి ముందే కట్టుకోవచ్చు.