కొత్తపట్నం నుంచి ఉదయగిరి దాకా: డిటెక్టర్‌తో తిరిగిన చోట్లు

మెటల్ డిటెక్టర్ కొన్నవాళ్ళను మన వైపు మొదట అడిగే ప్రశ్న "నిధి ఏమైనా దొరికిందా?" అని. రెండో ప్రశ్న పోలీసులు అడుగుతారు. ఆ రెండో ప్రశ్న దాకా పోకుండా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ సరదా తీర్చుకునే చోట్లు ఉన్నాయి. అయితే జనం అనుకునే చోట్లు కావవి. కొండలు, కోటలు, పాడుబడ్డ గుళ్ళ జోలికి పోకూడదు. సముద్రపు ఒడ్డు, ఆసామి తానై రమ్మని పిలిచిన పొలం, ఈ రెండే పనికొస్తాయి.

ఖనిజం మీద ఆశ పెట్టుకుని వచ్చేవాళ్ళకు ముందే ఒక మాట. బంగారు గనులకు పేరుపడ్డ నేల అనంతపురం వైపు రామగిరి, చిత్తూరు వైపు చిగురుగుంట, కర్నూలు వైపు జొన్నగిరి. నెల్లూరుది అభ్రకం నేల. ఉదయగిరి వైపు గరిమెనపెంట దగ్గర పూర్వం రాగి తవ్వారు. అంతే. పైగా ఖనిజాన్వేషణకు 1957 నాటి గనుల చట్టం కింద అనుమతి ఉండాలి. సరదాగా వెతుకుతున్నామంటే చట్టం ఊరుకోదు. కాబట్టి ఇక్కడ మనకు దొరికే బంగారమంతా ఎవరో ఒకరి చెవి నుంచో వేలి నుంచో జారిపడ్డదే.

ఆ లెక్కన నా ఓటు కొత్తపట్నానికి. ఒంగోలు నుంచి అరగంట దారి. తీరం వెడల్పుగా ఉంటుంది, మత్స్యకారుల ఊరు కాబట్టి పొద్దున్నే మనుషులు కనిపిస్తారు. తెల్లవారే ముందు వెళ్ళి, వలలు లాగుతున్న పెద్దవాళ్ళకు యంత్రం చూపించి, ఏం చేయబోతున్నామో చెప్పి, తీసిన గుంట మళ్ళీ పూడుస్తామని మాట ఇస్తే ఇక అడ్డు ఉండదు. చెప్పకుండా మొదలుపెడితే మాత్రం పది నిమిషాల్లో ఊరంతా మన చుట్టూ ఉంటుంది.

వెళ్ళాల్సిన కాలం ఈశాన్య రుతుపవనాలు తగ్గుముఖం పట్టాక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అలలు ఒడ్డును కోసి, మెత్తటి పై ఇసుకను లాక్కుపోతాయి. వేసవిలో రెండు మూడు అడుగుల లోతున పడి ఉండే గట్టి పొర అప్పుడు పైకి తేలుతుంది. బరువైన వస్తువులు ఆ పొర దగ్గరే ఆగుతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఒడ్డు ఎలా కోసుకుపోయిందో అక్కడివాళ్ళు ఇప్పటికీ చేతులు చాపి చూపిస్తారు. ఎండాకాలంలో వెళితే దొరికేది సీసా మూతలే.

యంత్రం సంగతి. పొడి ఇసుక మీద ఏ డిటెక్టరైనా పనిచేస్తుంది. తడి ఇసుక దగ్గరే అసలు పరీక్ష. ఉప్పునీటిలో విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీతో నడిచే యంత్రానికి ఒడ్డంతా లోహంలాగే తోస్తుంది. మా తోడల్లుడు తెచ్చుకున్నది ఆ రకమే. నేల మీద తిప్పే పళ్ళెం లాంటి కాయిల్ కొంచెం పైకి లేచినా కూత, దించినా కూత. సెన్సిటివిటీ సగానికి సగం తగ్గించాక గానీ అది నోరు మూయలేదు. అప్పుడిక బెత్తెడు లోతుకు మించి చూడలేదు. నా చేతిలో ఉన్న మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపుతుంది, బీచ్ మోడ్‌లో పెడితే ఉప్పును పక్కన పెట్టగలదు. నల్ల ఇసుక చారలు వచ్చిన చోట గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఖనిజానికి యంత్రం కూయకుండా చేసే అమరిక, మళ్ళీ సరిచేసుకోవాలి. ఆ నలుపులో ఇల్మనైట్, మాగ్నటైట్ ఉంటాయి. మాగ్నటైట్ ఇనుప ఖనిజమే.

ఇనుమును వినిపించకుండా ఆపేసే సదుపాయం చాలా యంత్రాల్లో ఉంటుంది. మన తీరాల్లో దాన్ని వాడితే రూపాయి బిళ్ళలు పోతాయి. 1992 నుంచి వచ్చిన రూపాయి నాణెం అయస్కాంతానికి అంటుకునే స్టీలు, యంత్రం దాన్ని మేకుల జాబితాలో వేస్తుంది. పాత అల్యూమినియం పైసలది వేరే కథ. నలుచదరం అయిదు పైసలు, అంచులు మెలి తిరిగిన పది పైసలు స్పష్టంగా పలుకుతాయి, కానీ ఉప్పు తిని పొట్టులా రాలిపోతుంటాయి.

కొత్తపట్నంలో మా శ్రమ ఫలించింది అద్దంకి నుంచి వచ్చిన ఒక కుటుంబం వల్ల. పెద్దావిడ స్నానం చేసి ఒడ్డున జుట్టు తుడుచుకుంటుంటే చెవి దిద్దు జారిపోయింది. ఆమె కూర్చున్న చోటు చుట్టూ కాలితో గీత గీశాం, నాలుగు మంచాల జాగా ఉంటుంది. మనుషులందరినీ దాని బయట నిలబెట్టి వరసలుగా కాయిల్ తిప్పాను. యంత్రం తెర మీద ఒక్కో లోహానికి ఒక్కో అంకె పడుతుంది, చిన్న బంగారు వస్తువు నా దాంట్లో పది లోపు అంకెల్లో పలుకుతుంది. పొగాకు ప్యాకెట్ల రేకు పలికేదీ అక్కడే. అందుకని ఏ కూతనూ వదలడానికి లేదు. రేకు, రేకు, మళ్ళీ రేకు, ఒక చాక్లెట్ కాగితం. తర్వాత జానెడు లోతులో, తొలికతో ఎత్తిన తడి ముద్దలో ఎర్రరాయి దిద్దు అడుగు భాగం పైకి తిరిగి కనిపించింది. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచి చూసుకుని, "శీల లేదు నాయనా, అదీ బంగారమే, అది కూడా వెతుకు" అంది. అరగంట వెతికాం. శీల దొరకలేదు. దిద్దు దొరికిన సంతోషం కన్నా శీల పోయిన బాధే ఆవిడ మొహంలో ఎక్కువ కనిపించింది. అయినా మాకు వేడి చేపల వేపుడు పెట్టించి గానీ కదలనివ్వలేదు.

బస ఒంగోలులోనే చేయాలి. బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు ఇద్దరికి సరిపోతాయి. మేం దిగినదానిలో పడకలు శుభ్రం, వేడినీళ్ళు ఉదయం మాత్రమే. బకెట్టు నిండా తడి ఇసుక పరికరాలు మేడ మీదికి తీసుకుపోతుంటే మేనేజరు మొహం మాడ్చుకున్నాడు, ఆయన తప్పేం లేదు. కింద కుళాయి దగ్గర కడుక్కునే వీలుందా అని గది తీసుకునే ముందే అడగండి. తీరానికి ఆటో మాట్లాడుకుంటే వెయిటింగుతో కలిపి బేరం చేసుకోవాలి. చీకటి పడ్డాక వెనక్కి దొరకడం కష్టం.

మైపాడు దీనికి పూర్తిగా ఎదురు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు, బస్సులున్నాయి, తినడానికి బోలెడు, పర్యాటక శాఖ బస ఉంది. పిల్లలతో వెళ్ళడానికి మైపాడే మేలు. డిటెక్టర్‌కు మాత్రం చెత్త ఎక్కువ. కార్తీకమాసంలోనూ సెలవు రోజుల్లోనూ కాయిల్ తిప్పే జాగా ఉండదు, చుట్టూ చేరిన కుర్రాళ్ళ కబుర్లలో హెడ్‌ఫోన్లు వినిపించవు. అక్కడ మెరిసే ఉంగరం ఒకటి దొరికితే మా తోడల్లుడు నెల్లూరు చేరేదాకా మాట్లాడలేదు. ఆచారి వీధిలో ఒక స్వర్ణకారుడు గీటురాయి మీద ఒక్క గీత గీసి, ఆమ్లం చుక్క వేసి, గీత మాయం కాగానే దాన్ని వెనక్కి తోసేశాడు. రోల్డ్‌గోల్డ్. డబ్బులు తీసుకోలేదు. కంసాలి అంగళ్ళ ముందు ఊడ్చిన మట్టిని జాలించి పొడి బంగారం తీసే విద్య తరాలుగా ఉంది. ఏ యంత్రమూ లేకుండా ఒక పళ్ళెంతో చేసే ఆ పని ముందు మన సరంజామా దండగలా తోచింది.

నెల్లూరులో బస, భోజనం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఏ ధరకైనా గది దొరుకుతుంది, చేపల పులుసు మాత్రం రాత్రి చేసింది మర్నాడు పెట్టే చోట తినండి.

పొదలకూరు వైపు బంధువుల మెట్ట పొలం ఒకటి చూశాం. దున్నిన చాళ్ళ నిండా అభ్రకం ముక్కలు, ఎండ పడితే కళ్ళు చెదిరేటట్టు. డిటెక్టర్‌కు అభ్రకం కనిపించదు, అది లోహం కాదు. పళ్ళెంలో మట్టి కడిగితే పసుపు రేకులు తేలి చూసేవాళ్ళకు గుండె దడ పుట్టిస్తాయి. పళ్ళెం ఊపినప్పుడు నీళ్ళతో పాటు అంచు దాటి పోతే అది అభ్రకమే. బంగారం సాంద్రత 19.3, అభ్రకానిది 3 లోపు. బంగారమైతే నల్ల ఇసుకతో పాటు మూలకు కూర్చుంటుంది. మాకు మిగిలింది ఒక నాగటి కర్రు ముక్క, రెండు ఎద్దు నాడాలు.

పొలంలో ఏదైనా దొరికితే ఏం చేయాలో బంధువులు అడిగారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. హక్కుదారుడు లేడని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. దాచిపెడితే వాటా పోవడమే కాక జైలు కూడా. ఇదేదో ఊహించి రాసుకున్న చట్టం కాదు. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే పాత గుడి శిథిలం, దాని కింద చిన్న కుండలో రోమన్ బంగారు నాణేలు. పాత బంగారమని అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుటుంబం కాపాడినవి ముప్పై పైచిలుకు. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిలో రెండు ఎంచుకుని తీసుకుని ఆ సంగతి రాసిపెట్టబట్టి మనకు తెలిసింది.

ఉదయగిరికి యంత్రం తీసుకుపోకండి. మాది నెల్లూరు లాడ్జిలోనే తాళం వేసి వెళ్ళాం. గుప్తనిధుల తవ్వకాలతో విసిగిపోయిన ఊళ్ళు అవి, ఎర్రచందనం వల్ల అటవీ సిబ్బంది కన్ను సంచుల మీదే ఉంటుంది. కొండెక్కడానికి పొద్దున్నే మొదలుపెట్టి నీళ్ళు మోసుకుపోవాలి, పైన ఏదీ దొరకదు. 1513లో మొదలైన ముట్టడి మరుసటి ఏడాది దాకా ఎందుకు సాగిందో సగం ఎక్కేసరికే కాళ్ళు చెబుతాయి. గజపతుల నుంచి కోట గెలిచిన కృష్ణదేవరాయలు ఇక్కడి నుంచి పట్టుకుపోయింది బాలకృష్ణుడి విగ్రహాన్ని. హంపిలో దాని కోసం గుడే కట్టించాడు. ఆ మాట చెబితే గైడుగా వచ్చిన కుర్రాడు, "మరి పైన గోతులు తవ్వేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదా సార్?" అన్నాడు.

ఊళ్ళో గదులు కొద్దిగానే ఉన్నాయి, దాదాపు వంద కిలోమీటర్లు కాబట్టి ఆ రాత్రికే నెల్లూరు తిరిగి రావడం మంచిది. బస్సుకు ముందు గంట సమయం మిగుల్చుకుని, చెక్క గరిటెలు చెక్కే దుకాణాలకు వెళ్ళండి. నార్ది చెక్కతో చేసిన చెంచాలు, ఫోర్కులు తేలిగ్గా, నునుపుగా ఉంటాయి. బేరం ఆడితే కొద్దిగా తగ్గిస్తారు, చెక్కుతుండగా చూసినవాళ్ళకు బేరం ఆడబుద్ధి కాదు.