ఒక టన్ను పెల్లెట్లు, ఒక చిన్న ట్రైలర్: కొన్ని చలికాలాల వాడకం తర్వాత

పెల్లెట్లంటే రంపపు పొట్టుని నొక్కి చేసిన గుళికలు. వాటితో ఇల్లు వేడి చేసే పెల్లెట్ స్టవ్ ఉన్న ఇంటికి 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉండి, కారు వెనక తగిలించి లాగే మామూలు యుటిలిటీ ట్రైలర్ సరిపోతుందా? సరిపోతుంది. కాకపోతే ఒక్కసారికి ఒక్క టన్నే. అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రం దక్షిణాన ఉన్న మా ఇంటికి కొన్ని చలికాలాలుగా ఇంధనమంతా దీని మీదే తెచ్చుకుంటున్నాం. కొన్నందుకు చాలా సంతోషంగా ఉంది. ఇలాంటిది కొనాలనుకునేవాళ్ళు ముందే తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మా వైపు చాలా ఊళ్ళకి గ్యాస్ పైపులైను లేదు. ఎక్కువ ఇళ్ళు హీటింగ్ ఆయిల్ మీదే నడుస్తాయి. ఒక టన్ను పెల్లెట్లు దాదాపు 120 గ్యాలన్ల ఆయిలంత వేడినిస్తాయి కాబట్టి, ఆయిల్ ధర పెరిగిన ఏడాది స్టవ్ ఉన్నవాళ్ళకి కాస్త ఊపిరి ఆడుతుంది. ఇంటికి తెచ్చి దించే షాపులున్నాయి. కానీ దానికి విడిగా డబ్బు కట్టాలి, సీజన్ మొదలైతే వారాల తరబడి ఎదురు చూడాలి.

ముందు బరువు లెక్క. బస్తా 40 పౌండ్లు, అంటే 18 కిలోలు. పాలెట్ (సరుకు పేర్చే చెక్క పీట) మీద 50 బస్తాలుంటాయి, అంటే 2,000 పౌండ్లు, ఇక్కడి లెక్కలో ఒక టన్ను. చెక్క పాలెట్‌తో కలిపి 2,050 పౌండ్ల దాకా తూగుతుంది. నా ట్రైలర్ ఖాళీ బరువు 700 పౌండ్లు. మొత్తం మీద దీనికి అనుమతించిన బరువు 2,990 పౌండ్లు. చాలా రాష్ట్రాల్లో 3,000 దాటితే ట్రైలర్‌కి సొంత బ్రేకులు తప్పనిసరి కాబట్టి, చిన్న ట్రైలర్లు ఎక్కువగా ఈ అంకె దగ్గరే ఆగుతాయి. అంటే టన్ను ఎక్కించాక మనకి మిగిలేది 240 పౌండ్లే. తొట్టిలో బోలెడు చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఆ చోటు చూసి ఇంకో పది బస్తాలు వేయాలనిపిస్తుంది, వేయకూడదు.

అసలు విషయమంతా పాలెట్ ఎక్కడ కూర్చుంటుందన్న దాని మీదే ఉంది. షాపులో ఫోర్క్‌లిఫ్ట్ వెనక నుంచి వస్తుంది. వెనక అంచు దగ్గరే దించి వెళ్ళిపోతే, పాలెట్ నడిమి భాగం ఇరుసుకి అడుగున్నర వెనక పడుతుంది. ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు: వెనక బరువెక్కితే కాడి పైకి లేచి ఎద్దు మెడకి ఉరి బిగుస్తుంది. ఇక్కడ ఎద్దు బదులు కారు. ట్రైలర్‌ని కారుకి తగిలించే ముందు కొక్కెం మీద బరువు తగ్గితే, కాస్త వేగం అందుకోగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. అందుకే నేను ఇంటి దగ్గరే వెనక ర్యాంప్ గేటు పిన్నులు లాగి, గేటు తీసేసి బయలుదేరతాను. షాపులో పాలెట్ దించాక, ఫోర్క్‌లిఫ్ట్‌కీ దానికీ మధ్యలో ఒక ఖాళీ పాలెట్ అడ్డం పెట్టి నెమ్మదిగా ముందుకి తోయమని ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆయన్ని అడుగుతాను. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. పాలెట్ నడిమి భాగం ఇరుసుకి ఒక జానెడు ముందుకొస్తే చాలు, కొక్కెం మీద 280 పౌండ్ల దాకా పడుతుంది. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం అక్కడ ఉండాలన్నది నియమం, దానికిది సరిపోతుంది. ఒకవేళ తోయడం కుదరకపోతే వెనక వరస బస్తాలు చేత్తో ముందుకి మార్చుకోవాలి. నడుం నొప్పి పుట్టినా ఆ పని మానకూడదు.

ఎక్కించేటప్పుడు ట్రైలర్ కారుకి తగిలించే ఉండాలి. లేకపోతే వెనక బరువు పడగానే ముందు భాగం గాల్లోకి లేస్తుంది.

జాఫ్రీ వైపు నుంచి వస్తే పీటర్‌బరో దాటాక 101 నంబరు రోడ్డు టెంపుల్ మౌంటెన్ అనే కొండ ఎక్కి దిగుతుంది. ఎక్కడం సమస్య కాదు. టోయింగ్ ప్యాకేజీ (ట్రైలర్ లాగడానికి కంపెనీ ఇచ్చే ఏర్పాట్లు) ఉన్న మా వీ6 హైలాండర్ కారు 5,000 పౌండ్లు లాగగలదు. దిగడమే టెన్షన్. ట్రైలర్‌కి బ్రేకులు లేవు, వెనకున్న టన్నుపైగా బరువుని కారు బ్రేకులే ఆపాలి. దిగుడు మొదలవకముందే గేరు తగ్గించాలి. ముందు బండికి మామూలుగా ఇచ్చే దూరానికి రెట్టింపు ఇవ్వాలి. గంటకి 55 మైళ్ళు దాటనవసరం లేదు. ఎప్పుడైనా ఊగడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే నెమ్మదిగా సర్దుకుంటుంది.

బయలుదేరిన అయిదారు మైళ్ళకి ఒకసారి పక్కకి ఆపుతాను. ఈలోగా బస్తాలు సర్దుకుని, వాటిని కట్టిన రాచెట్ పట్టీలు (పళ్ళ చక్రంతో బిగించేవి) వదులవుతాయి, రెండు మూడు పళ్ళు బిగించాలి. అప్పుడే చక్రం మధ్యలో హబ్ మీద చెయ్యి పెట్టి చూస్తాను. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగ్‌లో గ్రీజు అయిపోయిందనో, బేరింగ్ పోతోందనో అర్థం. ఏటా వేసవిలో గ్రీజు మార్చితే ఆ బెంగ చాలావరకు ఉండదు.

టైర్ల గాలి గురించి గట్టిగా చెప్పాలి. ఇవి 13 అంగుళాల ట్రైలర్ టైర్లు, లోడ్ రేంజ్ (ఎంత బరువు మోయగలవో చెప్పే తరగతి) సి. ఒక్కోటి 1,360 పౌండ్లు మోస్తుంది, కానీ గాలి ఒత్తిడి 50 పీఎస్‌ఐ ఉన్నప్పుడే. కారు అలవాటుతో 35 కొట్టి ఊరుకుంటే మోసే శక్తి బాగా పడిపోతుంది, పక్కగోడలు వేడెక్కి టైరు పేలే ప్రమాదం ఉంది. రెండు టైర్లూ కలిసి మోసేది 2,720, మిగతాది కొక్కెం మీద పడాల్సిందేనని గుర్తుంచుకుంటే, లెక్క ఎంత బిగుతుగా ఉందో తెలుస్తుంది.

కట్టెల సంగతి వేరు. చుట్టూ రెండడుగుల చెక్కలు కట్టి నింపితే 80 ఘనపుటడుగులు పడతాయి, కార్డులో (కట్టెలు అమ్మే కొలత, 128 ఘనపుటడుగులు) అయిదింట మూడొంతుల పైనే. బాగా ఎండిన రెడ్ ఓక్ (ఓక్ చెట్లలో ఒక రకం) అయితే దాదాపు 2,200 పౌండ్లు ఉంటుంది, నింపుకోవచ్చు. అదే పచ్చి ఓక్ అయితే 3,000 దాటుతుంది. అమ్మేవాళ్ళు ఎండిందనే చెప్తారు. రెండు దుంగలు ఒకదానికొకటి తట్టి చూడండి, ఖంగుమంటే ఎండింది, మొద్దు చప్పుడు వస్తే పచ్చిది. పచ్చివైతే సగమే నింపండి.

నచ్చనివి కూడా ఉన్నాయి. లైట్ల వైరింగ్ నాసిరకంగా ఇచ్చారు. రోడ్డు మీద చల్లే ఉప్పుకి ఎర్త్ వైరు తుప్పు పట్టి ఒక చలికాలం మధ్యలో ఇండికేటర్ ఆగిపోయింది. కంపెనీ వాళ్ళకి రాస్తే జవాబు లేదు. ఎర్త్ వైరు విడిగా లాగి, నీళ్ళు చొరని కనెక్టర్లు వేయించాను, తర్వాత ఇబ్బంది రాలేదు. ర్యాంప్ గేటు ఖాళీగా వెళ్ళేటప్పుడు ఒకటే గోల. అడుగు చెక్కలు మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.

మనవాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే మినీవ్యాన్లలో, ఒడిస్సీల్లోనూ 2020 దాకా వచ్చిన సియెన్నాల్లోనూ చాలావాటికి 3,500 పౌండ్ల దాకా లాగే అనుమతి ఉంది. 2021 నుంచి వచ్చిన హైబ్రిడ్ సియెన్నాకి 1,500 పౌండ్లే. 2025 దాకా వచ్చిన రావ్4 హైబ్రిడ్‌కి 1,750 పౌండ్లే. ఈ రెండిటితో టన్ను ఆలోచనే వద్దు. మీ కారు మాన్యువల్ తీసి ఆ అంకెతో పాటు కొక్కెం మీద పడగల బరువు కూడా చూడండి.

పెల్లెట్లకి నీళ్ళు తగిలితే ఉబ్బి రంపపు పొట్టయిపోతాయి. ప్లాస్టిక్ చుట్టి ఉన్నా పైన టార్పాలిన్ కప్పాల్సిందే. ఆగస్టు, సెప్టెంబరులోనే తెచ్చుకుంటే షాపులో రద్దీ ఉండదు, రోడ్డు మీద ఉప్పూ ఉండదు. ట్రైలర్ కొనే రోజే స్పేర్ చక్రం కూడా తీసుకోండి, చాలా కంపెనీలు దాన్ని ట్రైలర్‌తో ఇవ్వవు.