చెన్నైలో ఉచిత హెచ్‌ఐవి పరీక్ష కేంద్రం: లోపల బాగుంది, గుమ్మం దాటడమే కష్టం

మాది నెల్లూరు, ఆరేళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. మూడో నెలలో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే, గర్భిణులందరికీ చేసే పరీక్షలతో పాటు హెచ్‌ఐవి పరీక్ష కూడా చేశారు. ఆ కేంద్రాన్ని ఇక్కడ నంబిక్కై మయ్యం అంటారు, అంటే నమ్మక కేంద్రం. కౌన్సెలర్ అక్క నాకు తమిళం అంతంతమాత్రమేనని గమనించి తెలుగులోకి మారిపోయింది, తలుపు వేసి, పరీక్ష ఎందుకో, రిపోర్టు ఎలా వచ్చినా ఏం చేయొచ్చో నిదానంగా చెప్పి, నేను సరేనన్నాకే రక్తం తీయించింది. పైసా తీసుకోలేదు, రిపోర్టు అదే రోజు చేతికిచ్చింది. ఇంత ఓపిగ్గా మాట్లాడే మనిషిని ఈ మధ్య ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు నేను.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. "మీవారిని కూడా ఒకసారి తీసుకురామ్మా" అంది. మావారు రానంటే రానన్నారు. "నాకేమైందని? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" ఆయన్ని తప్పుపట్టలేను, ఎందుకంటే ఆ గది సరిగ్గా ఓపీ లైను పక్కనే ఉంది, తలుపు మీద ఎర్ర రిబ్బన్ బోర్డు, పైగా అటెండరు వరండాలో నిలబడి "హెచ్‌ఐవి టెస్టుకొచ్చినోళ్లు ఇటు రండి" అని కేకేశాడు. లోపల అంత గుట్టుగా చూసుకుని బయట ఇలా చేస్తే ఎలా? 2017 నాటి హెచ్‌ఐవి చట్టం మన వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతోంది, ఆ కేక మాత్రం ఆగలేదు. మావారిని ఒప్పించడానికి నాకు నాలుగు వారాలు పట్టింది, ఆయనకి ఒక షిఫ్టు జీతం పోయింది.

ఆ టెన్షన్లో ఉన్నప్పుడే కెన్యా సంగతి చదివాను. కిసుములో గర్భిణులకూ బాలింతలకూ ఇంట్లోనే చేసుకునే కిట్లు ఇచ్చి, భర్తకి ఇవ్వమని పంపారట. అలా కిట్లు తీసుకెళ్లిన వాళ్లలో నూటికి 91 మంది భర్తలు మూడు నెలల్లోపు పరీక్ష చేసుకున్నారు, ఆసుపత్రికి రమ్మని చీటీ మాత్రమే ఇచ్చిన చోట 52 మందే. మలావీ, జాంబియా, జింబాబ్వేల్లో 2015లోనే ఇలా ఇంట్లో చేసుకునే పరీక్ష పెద్ద ఎత్తున మొదలైంది, 2016 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసింది. అక్కడి మగవాళ్లకి పరీక్షంటే పడక కాదు, అందరి ముందూ క్యూలో నిలబడటం ఇష్టం లేక రాలేదేమో అనిపించింది. మావారి బాధా అచ్చం అదే!

నోటితో చేసుకునే కిట్ అయితే చిన్న పుల్లతో పైచిగురూ కిందిచిగురూ ఒక్కోసారి తుడిచి, గొట్టంలోని ద్రవంలో పెట్టి ఇరవై నిమిషాలు ఆగి చూడాలి, నలభై దాటాక చూడకూడదు. నోటి నుంచి తీస్తారు కదా అని ఉమ్మితో హెచ్‌ఐవి అంటుతుందనుకోకండి, అది వెతికేది వైరస్‌ని కాదు, దాని మీద పోరాడటానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలని. రెండు గీతలు వచ్చినా, అంటే పాజిటివ్ అని చూపినా, అదే తుది మాట కాదు, కేంద్రానికి వెళ్లి మళ్లీ చేయించుకోవాల్సిందే. ఈ మధ్యే హెచ్‌ఐవి సోకే అవకాశమున్నదేదైనా జరిగి ఉంటే మూడు నెలల తర్వాత ఇంకోసారి చూసుకోవాలి. ఇప్పటికే హెచ్‌ఐవి మందులు వాడుతున్నవాళ్లకి ఇది పనికిరాదు, తప్పుగా నెగెటివ్ చూపించవచ్చు.

మన దేశంలో హెచ్‌ఐవిని మొదట గుర్తించింది ఈ చెన్నైలోనే, 1986లో. ఇన్నేళ్ల అనుభవమున్న ఊళ్లో నాలాంటి వాళ్ల చేతికి ఒక కిట్ ఇచ్చి పంపితే ఎంత బాగుంటుంది! ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం భార్య ఇష్టానికే వదలాలి, కొట్టే మొగుడున్న ఇంట్లో అది ఆమె మీదికే వస్తుంది.

కౌన్సెలర్‌కి ఐదుకి ఐదు, వరండాకి ఒకటి. వెళ్లేవాళ్లు పదకొండు దాటాక వెళ్లండి, మేము వెళ్లిన రోజు అప్పటికి జనం పల్చబడ్డారు. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో 1097కి ఫోన్ చేస్తే చెబుతారు, ఆ కాల్ కూడా ఉచితమే.