ఒక సభ చాలా, రెండు సభలు కావాలా?

పార్లమెంటుకు రెండు సభలను తప్పనిసరి చేసిన భారత రాజ్యాంగం, రాష్ట్రాలకు మాత్రం ఒకే సభతో నడవడానికీ, రెండు ఉంచుకోవడానికీ వీలు కల్పించింది. ఇప్పుడు వెలగపూడిలో సమావేశమవుతున్న మన ఆంధ్రప్రదేశ్ చట్టసభ రెండు పద్ధతులనూ చూసింది. 1958లో రెండో సభగా ఏర్పడిన శాసనమండలి 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది.

ఒకే సభ ఉంటే ఖర్చు తగ్గుతుంది, బిల్లులు త్వరగా తేలుతాయి. ఇంతకుమించి ఆ పక్షాన చెప్పవలసింది పెద్దగా లేదు.

మండలి కూర్పు మరింత ఆసక్తికరం. 171వ అధికరణం ప్రకారం సుమారు మూడో వంతు సభ్యులను స్థానిక సంస్థలు, మరో మూడో వంతును శాసనసభ్యులు, పన్నెండో వంతు చొప్పున పట్టభద్రులు, ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. మిగిలినవారిని గవర్నరు నామినేట్ చేస్తారు. కృష్ణా-గుంటూరు పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటున్న విజయవాడవాసికి ఇది అదనపు ప్రాతినిధ్యమే (ఓటరుగా విడిగా నమోదు చేసుకుంటేనే సుమా).

అయితే మండలికి అధికారం స్వల్పం. సాధారణ బిల్లును మొదట మూడు నెలలు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకొక నెల ఆపగలదు; పన్నులు, ప్రభుత్వ ఖర్చులకు సంబంధించిన ద్రవ్య బిల్లుకు 14 రోజులే గడువు. పైగా 169వ అధికరణం కింద శాసనసభ ప్రత్యేక మెజారిటీతో (మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు) తీర్మానిస్తే, పార్లమెంటు సాధారణ చట్టంతోనే దానిని రద్దు చేయవచ్చు. 2020 జనవరిలో అటువంటి తీర్మానం చేసిన మన శాసనసభ, 2021 నవంబరులో దానిని ఉపసంహరించుకుంది. నాలుగు నెలలు పునరాలోచనకు దొరకడం మేలే గనుక నేను రెండు సభల వైపే మొగ్గుతాను, కానీ ఓడిన నాయకులకు ఆశ్రయంగా మారే మండలిని సమర్థించడం కష్టం.